సుంకమ్మ చెలమకి ఒక్క ఒర

ఎండలు ముదిరాయంటే చిట్లవాగులో నీళ్ళుండవు, ఇసుకే ఉంటుంది. మధ్యాహ్నం దాని మీద కాలు పెడితే గిట్టలు కాలిపోతాయి. అందుకని గట్టి కాళ్ళున్న జంతువులన్నీ చైత్రంలోనే కొండ దాటి పెద్దచెరువుకి వెళ్ళిపోతాయి. కుంటివీ, ముసలివీ, నిండు చూలుతో ఉన్నవీ వాగు ఒడ్డున తుమ్మచెట్ల కింద మిగిలిపోతాయి. వెళ్ళినవాళ్ళు వానలు పడ్డాక తిరిగొచ్చి, "అయ్యో పాపం, పోయిందా? మంచిది అది" అంటారు. ఆ పాపం అనే మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బతికున్నప్పుడు గుక్కెడు నీళ్ళు పొయ్యనివాళ్ళకి పోయాక ఇంత జాలి ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుందో!

ఆ ఏడు మాత్రం గట్టి కాళ్ళుండి కూడా ఒకత్తె వెళ్ళలేదు. సుంకమ్మ అనే గాడిద. బట్టల మూటలు మోసి మోసి నడుం కాస్త వంగింది కానీ నడక తగ్గలేదు.

"నువ్వెందుకక్కా ఈ ఎండలో మాడటం? పో చెరువుకి" అంది మేక ఓబులమ్మ. ఓబులమ్మకి ముందుకాలు ఒకటి వంకర, నోరు మాత్రం తిన్నగా ఉంటుంది.

"మీరు రాలేరు కదా?"

"రాలేం."

"నేను ఉండగలను కదా? ఇంకేం మరి" అని సుంకమ్మ వాగు మధ్యకి వెళ్ళి ఇసుక తవ్వడం మొదలెట్టింది.

దాన్ని చెలమ అంటారు. ఇసుకలో నిలువెత్తు గుంట తవ్వితే అడుగున నీరు ఊరుతుంది. ఊరిన నీళ్ళు సొరకాయ బుర్రతో తోడి, లేవలేనివాళ్ళకి ముందు, నిలబడగలిగినవాళ్ళకి తర్వాత పోసేది సుంకమ్మ. అంతా బానే ఉంది గానీ, రోజూ పొద్దు తిరిగేసరికి తడిసిన ఇసుక గట్టు ధబేలున కూలిపోయేది. మళ్ళీ తవ్వాలి. సగం రోజు నీళ్ళు, సగం రోజు తవ్వకం. గిట్టలు చీలి రక్తాలొచ్చినా ఆపేది కాదు. పైన గుట్ట అవతల ఇంకో ఇద్దరున్నారు, కళ్ళు కనపడని ముసలి గుర్రమూ, కాలు విరిగిన దుప్పీ. వాళ్ళ దాకా రోజూ నీళ్ళు మొయ్యడానికి పొద్దు చాలేది కాదు. మూడు రోజులకోసారి ఒక్క బుర్ర మాత్రం మోసేది సుంకమ్మ.

అడవిలో ఏనుగు పెద్దమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడదొక అలవాటు. ఎక్కడైనా ఎవరైనా తమంతట తాము పదిమందికి పనికొచ్చే పని చేస్తున్నారని తెలిస్తే, వాళ్ళకి సరిగ్గా ఏది తక్కువైందో అది పంపుతుంది. ముంగిస ఒకత్తె పాము కరిచినవాళ్ళకి ఆకు పసరు నూరుతుంటే ఒక కల్వం పంపింది. పిచ్చుకలు రెక్క విరిగిన కొంగకి మేత మోస్తుంటే ఒక బుట్ట పంపింది. అంతే, అంతకు మించి పంపదు. "ఇంకాస్త పంపొచ్చు కదమ్మా" అంటే, "పని వాళ్ళది. నేను చేసేది కాస్త ఆసరా" అంటుంది.

అటు ఎగిరిపోతున్న చిలకతో ఓబులమ్మ కబురు పెట్టింది: మా సుంకమ్మక్క చెలమ గట్టు కూలుతోంది, ఒక్క ఒర కావాలి. ఒర అంటే మట్టితో చేసి కాల్చిన పెద్ద గుండ్రటి కట్టు. బావిలో దించితే గట్టు కూలకుండా చుట్టూ పట్టుకుంటుంది.

మూడో రోజుకి చిలక జవాబు తెచ్చింది. "శుక్రవారం మా పోతన్న పట్టుకొస్తాడు. ఒక్క ఒరే."

ఆ మాట చిలక చెప్పింది మేకకి. విన్నది నక్క.

నక్క పేరు జంబులింగం. వాగు ఒడ్డునే పెద్ద బొరియ. ఆ వేసవిలో ఒక్క నాడు కూడా చెలమ వైపు తొంగి చూసినవాడు కాదు. ఆ సాయంత్రం మాత్రం నవ్వు మొహంతో దిగబడ్డాడు.

"సుంకమ్మా, నీకు దణ్ణం పెట్టాలమ్మా! ఎంత సేవ, ఎంత సేవ! కానీ ఒక్క ఒర అడగడం ఏమిటమ్మా? ఏనుగంత ఏనుగుని పట్టుకుని ఒక్కటా అడిగేది? నలభై అడగాలి!"

"నలభై ఏం చేసుకుంటాం? గుంట ఒకటే."

"అది తర్వాత ఆలోచిద్దాం. ముందు సంఘం ఉండాలి. ఒంటి గాడిదని చూసి ఎవరిస్తారమ్మా? సంఘం ఉంటే ఇస్తారు, సంఘానికి అధ్యక్షుడుంటే ఇంకా ఇస్తారు. నువ్వేం కష్టపడక్కర్లేదు, ఆ పదవి నేను మోస్తాను."

"వద్దక్కా, వీడి మొహం చూడు" అని ఓబులమ్మ గొణిగింది.

సుంకమ్మకి అప్పుడే గట్టు కూలింది. ఒళ్ళు హూనమై ఉంది. వీడితో వాదించే ఓపిక లేక, "సరేలే. మాటలు నువ్వు చూసుకో, నీళ్ళు నేను చూసుకుంటా" అనేసింది. తప్పు చేసింది. అలిసిపోయినప్పుడు మంచివాళ్ళు ఇలాగే ఒప్పేసుకుంటారు, అలిసిపోయే దాకా ఆగి మరీ అడుగుతారు జంబులింగాలు.

శుక్రవారం తెల్లారి సుంకమ్మ బుర్ర పట్టుకుని వచ్చేసరికి చెలమ చుట్టూ గుమ్మడి తీగ కట్టి ఉంది. తీగకి అటొక ఊరకుక్క, ఇటొక ఊరకుక్క కాపలా. పక్కన నాలుగు రాళ్ళు పేర్చి వేదిక. దాని మీద జంబులింగం, ఎవరి దండెం మీదో లాక్కొచ్చిన పసుప్పచ్చ శాలువా కప్పుకుని, మెడలో తంగేడు పూలదండ వేసుకుని నిలబడ్డాడు. ఆ దండ ఎవరు వేశారో అడక్కండి. తనే వేసుకున్నాడు.

"ఏమిటిదంతా?" అంది సుంకమ్మ.

"ప్రారంభోత్సవం! ముఖ్య అతిథి పోతన్నగారు వచ్చి తీగ తెంపేదాకా ఎవరూ నీళ్ళు ముట్టుకోకూడదు."

"ప్రారంభోత్సవం ఏమిటి నీ తలకాయ! రెండు నెల్లుగా తాగుతున్నాం ఈ నీళ్ళు."

"అబ్బా, ఆ సంగతి ఆయనకి చెప్పకు. చూడమ్మా, పెద్దవాళ్ళు వచ్చేసరికి చెలమ నిండుగా కళకళలాడుతుండాలి. ఖాళీ గుంట చూపిస్తే పరువు పోతుంది. వచ్చే ఒర కూడా వెనక్కి పోతుంది, తర్వాత నీ ఇష్టం."

ఆ ఆఖరి మాటకి సుంకమ్మ తగ్గింది. ఒర పోతే ఎలా? గుట్ట అవతల ఇద్దరూ కళ్ళముందు మెదిలారు. "ఎప్పుడొస్తాడాయన?" అనడిగింది.

"వచ్చేస్తున్నాడు. దారిలో ఉన్నాడు."

తుమ్మచెట్ల కింద ఉన్నవాళ్ళందర్నీ జంబులింగం ఎండలోకి పిలిపించి వరసగా నిలబెట్టాడు. "నేను చెయ్యెత్తగానే 'జంబులింగం గారి దయ' అనాలి. గట్టిగా! మొహాలు కాస్త దీనంగా పెట్టండి."

"కొత్తగా పెట్టేదేముంది? ఉన్న మొహమే అది" అంది ఓబులమ్మ.

పొద్దు బారెడెక్కింది. అతిథి రాలేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. అయినా రాలేదు. ఎవరూ తోడక చెలమలో నీళ్ళు పైపైకి ఊరి తళతళమంటున్నాయి. చూస్తూ నిలబడ్డవాళ్ళకి నాలుకలు అంగిట్లో అతుక్కుపోతున్నాయి. గొర్రె ఒకటి తీగ దగ్గరికి మెడ చాపితే కుక్క గుర్రుమంది.

"ఇంకెంతసేపు?" సుంకమ్మ అడగడం అది నాలుగోసారి.

"ఓర్చుకోవాలమ్మా. ఊరికే వస్తాయా పెద్ద పెద్ద సాయాలు?"

సరిగ్గా అప్పుడే తెల్లావు లచ్చమ్మ ముందుకాళ్ళ మీద కూలబడింది. నెలలు నిండిన చూలుతో ఉంది. లేవబోయింది, లేవలేక పక్కకి ఒరిగిపోయింది. కళ్ళు తేలేసింది.

"లచ్చమ్మా! లచ్చమ్మా!" ఓబులమ్మ కేకలు పెట్టింది. "అక్కా, దీని ముక్కు చూడు, ఎండిపోయింది!"

జంబులింగం వేదిక మీంచే, "అలా పడుకున్నా పర్లేదు, చూడ్డానికి ఇంకా బావుంటుంది" అన్నాడు.

సుంకమ్మ ఒక్క క్షణం వాడి వైపు చూసింది. ఆమెకి కోపం ఎలా వచ్చిందంటే, చెవులు రెండూ వెనక్కి అతుక్కుపోయాయి.

"ఒరే జంబులింగం! కడుపుతో ఉన్నది గొంతెండి చస్తుంటే నీకు ముహూర్తం కావాలట్రా? ఒర వస్తే వచ్చింది, పోతే పోయింది. నా వాళ్ళని ఎండలో బొమ్మల్లా నిలబెట్టి తెచ్చుకునే ఒర నాకొద్దు! జరుగు!"

"సుంకమ్మా, ఆగు! అధ్యక్షుడిగా చెప్తున్నా..."

ఆగలేదు. గుండెతో ఒక్క తోపు తోసింది. గుమ్మడి తీగ పటుక్కున తెగింది. కుక్కలు మీదికి రాబోతే వెనక్కి తిరిగి కాళ్ళు రెండూ ఎత్తింది. ఎత్తగానే అవి సంగతి అర్థం చేసుకుని పక్కకి తప్పుకున్నాయి. మొదటి బుర్ర నీళ్ళు లచ్చమ్మ నోట్లో, రెండోది నెత్తి మీద, మూడోది మళ్ళీ నోట్లో. లచ్చమ్మ కళ్ళు విప్పి తోక ఆడించే దాకా సుంకమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ తర్వాత వరస కదిలింది. కుంటివి, గుడ్డివి, గొర్రెలు, పిల్లతల్లులు. అందరూ కడుపునిండా తాగారు. ఆఖరికి కాపలా కుక్కలు కూడా నాలుకలు వేలాడేసుకుని మేక వెనక నిలబడ్డాయి.

"మీరెందుకొచ్చారు? మీ అధ్యక్షుడు పొయ్యలేదా?" అంది ఓబులమ్మ.

"ఆయన శాలువా ఇస్తానన్నాడు గానీ నీళ్ళ సంగతి ఎత్తలేదు" అంది ఒక కుక్క, సిగ్గుపడుతూ. సుంకమ్మ వాటికీ పోసింది.

చెలమ అడుగంటింది. జంబులింగం వేదిక మీద కూలబడి నెత్తి కొట్టుకుంటున్నాడు. అదే సమయానికి వాగు మలుపులో పోతన్న కనిపించాడు. నల్లటి దున్నపోతు, ఒంటినిండా తడి బురద, మెడలో దండలాగా పెద్ద మట్టి ఒర.

జంబులింగం ఎదురు పరిగెత్తాడు. "అయ్యా, ఘోరం జరిగిపోయింది! మీరొచ్చేసరికి నిండుగా చూపించాలని పొద్దుట్నుంచీ చుక్క ముట్టనివ్వకుండా కాపలా పెట్టి నింపానయ్యా. ఈ గాడిద మొత్తం ఖాళీ చేసేసింది. రేపు రండి, మళ్ళీ నింపి చూపిస్తాను!"

పోతన్నది నిదానం. మాట కూడా నమిలి నమిలి మాట్లాడతాడు. "నింపావా? ఎవరి కోసం?"

"మీకోసమేనయ్యా!"

"నాకు దాహం లేదే. ఇప్పటిదాకా చెరువులో పడుకుని వస్తున్నాను. నాకోసం ఇక్కడ నీళ్ళు మానేసి కూర్చుంటారని నాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే పరిగెత్తుకుని వచ్చేవాణ్ణి." చెలమ దగ్గరికెళ్ళి లోపలికి తొంగి చూశాడు. "అయినా నిండా నీళ్ళుంటే ఒర ఎలా దించుతావయ్యా? ఒర దించాలంటే అడుగు కనపడాలి."

జంబులింగం కూడా మెడ చాచి గుంటలోకి చూశాడు. ఒర ఎలా దించుతారో వాడికేం తెలుసు? వాడెన్నడూ ఆ గుంటలో కాలు పెట్టలేదు.

పోతన్న సుంకమ్మ వైపు తిరిగాడు. "ఈ ఒర లేకపోతే ఏం చేస్తావమ్మా?"

"లేకపోయినా తవ్వుతానన్నా. నిన్న తవ్వలేదా? రేపూ తవ్వుతా. మీ ఒర చూసుకుని మొదలెట్టలేదు ఈ పని."

"మరి ఒర ఎందుకు?"

"ఒర ఉంటే గట్టు కూలదు. గట్టు కూలకపోతే నాకు సగం రోజు మిగులుతుంది. ఆ సగం రోజు గుట్ట అవతలికి నీళ్ళు మోస్తా. అక్కడ ఇద్దరున్నారు. ఇంకో వారం ఆగలేరు. అందుకే అడిగాం, ఒక్కటే అడిగాం. ఇస్తే దాచుకోకుండా వాడతా. దీనికోసం 'ఫలానావారి దయ' అని మాత్రం మా వాళ్ళ చేత అనిపించను."

పోతన్న తలూపి ఒరని ఇసుక మీదికి దించాడు. "తీసుకోండి మరి."

తీసుకోమన్న మాట వినీ వినకముందే జంబులింగం ఒర మీద చెయ్యేశాడు. "సంఘం పేరున వచ్చింది కాబట్టి సంఘం ఆఫీసులో ఉండాలి. ఆఫీసంటే మా బొరియే. గుమ్మానికి బిగించామంటే రాజభవనంలా ఉంటుంది. దాన్ని చూపించి నలభై అడుగుదాం! సుంకమ్మా, నన్ను అధ్యక్షుడిగా ఒప్పుకున్నావా లేదా? అబద్ధమాడకు."

అందరూ గొల్లుమన్నారు. లచ్చమ్మ పడుకున్న చోటునుంచే, "వాడి గుమ్మానికట మన ఒర!" అంటూ ఏడ్చింది.

"ఒప్పుకున్నాను. బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాను" అంది సుంకమ్మ. తర్వాత నక్కని తల నుంచి తోకదాకా ఒకసారి చూసింది. ఒర వైపు ఒకసారి చూసింది. గొంతు మార్చి ఎంతో మర్యాదగా అంది: "అయితే అధ్యక్షుడుగారి చేతుల మీదుగానే జరగాలి కదా. ఒరని గుంటలో పెట్టి, దాని లోపల కూర్చుని మొదటి దోసిలి ఇసుక తీసే గౌరవం అధ్యక్షుడిదే. ఏమంటావు పోతన్నా?"

పోతన్న నెమరేస్తూ ఆలోచించాడు. మెల్లగా కళ్ళు మెరిశాయి. "అవునవును. మా వైపూ అంతే."

"నేను తీస్తానక్కా" అని ఓబులమ్మ ముందుకొచ్చింది.

"నువ్వెవరివే? నీ మెడలో దండేది?" అని సుంకమ్మ కసిరింది.

"పక్కకి జరగండి, పక్కకి జరగండి!" జంబులింగం శాలువా సర్దుకున్నాడు. "దోసిలి తీశాక ఒర నేను తీసుకుపోతాను. ముందే చెప్తున్నా."

"నీ చేత్తో పైకి తెచ్చుకుని పట్టుకుపో నాయనా. ఎవరూ అడ్డురారు" అంది సుంకమ్మ.

పోతన్న ఒరని కొమ్ములతో మెల్లగా చెలమ అడుగున నిలబెట్టాడు. జంబులింగం అందులోకి దూకాడు. ఎవరో కొలత తీసుకుని చేసినట్టు సరిపోయాడు. గాడిద పట్టదు, దున్నపోతు అసలే పట్టదు. మొదటి దోసిలి తీసి పైకి చూపించాడు.

"ఆహా!" అంది సుంకమ్మ. "కొట్టండర్రా చప్పట్లు!"

గిట్టలూ, కొమ్ములూ, తోకలూ టపటపలాడాయి. జంబులింగం పొంగిపోయాడు. ఇంకో దోసిలి తీసి బయటికి విసిరాడు. మళ్ళీ చప్పట్లు. "ఎంత ఒడుపు! చూశారా ఆ చెయ్యి!" అని ఓబులమ్మ అరిచింది. ఇంకోటి. ఇంకోటి. లోపలి ఇసుక తీసినకొద్దీ ఒర తనంతట తానే కిందికి దిగుతుంది, అదే దాన్ని దించే పద్ధతి. ఒరతోపాటు లోపలున్నవాడూ దిగుతాడు. చప్పట్ల సంబరంలో వాడికది తెలియలేదు. తెలిసి తలెత్తి చూసేసరికి ఆకాశం పళ్ళెమంత ఉంది.

పైకి ఎగిరాడు. అందలేదు. గట్టు పట్టుకోబోతే తడి ఇసుక జారి మొహాన పడింది.

"సుంకమ్మా! తాడు వెయ్యమ్మా!"

బుర్ర కట్టిన తాడు దిగింది. "ముందు ఇసుక ఎక్కించు నాయనా."

"అధ్యక్షుడితో ఇసుక మోయిస్తావా?"

"మోయించను. నువ్వు నింపు, నేను లాగుతా. ఒర గట్టి నేలకి తగిలిందంటే నిన్నూ లాగుతా. లేదా అక్కడే కూర్చో. కాసేపట్లో నీళ్ళూరతాయి, నిండుగా కళకళలాడుతుంటావు."

జంబులింగం తిట్టాడు, బతిమాలాడు, నలభై ఒరలు ఇప్పిస్తానన్నాడు. ఆఖరికి బుర్ర నింపాడు. ఎన్ని నింపాడో లెక్కలేదు. పొద్దు తిరిగింది. రోజూ గట్టు కూలే వేళ వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. గట్టు కూలలేదు. ఒర అడుగున నిటారుగా కూర్చుంది, చుట్టూ ఇసుక కదల్లేదు. సుంకమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

అన్న మాట ప్రకారం నక్కని పైకి లాగింది. శాలువా బురద గుడ్డ అయింది. దండలో నార మాత్రమే మిగిలింది. లోపల తేటగా నీళ్ళు ఊరుతున్నాయి. వాడు నాలుక వేలాడేసుకుని నేరుగా బుర్ర అందుకోబోయాడు.

సుంకమ్మ అడ్డం నిలబడింది.

"ఏం? అధ్యక్షుణ్ణి! పైగా తవ్వింది కూడా నేనే! మొదట నేనే తాగాలి!"

"గుట్ట అవతల ఇద్దరున్నారు. ఈ బుర్ర వాళ్ళది. తర్వాత లచ్చమ్మ, తర్వాత వరస" అంది సుంకమ్మ, బుర్ర వీపు మీద కట్టించుకుంటూ. "నువ్వు తవ్వావన్నది నిజమే, కాదనను. అందుకే చెప్తున్నా విను. ఇక్కడ తవ్వినవాళ్ళు ఆఖర్న తాగుతారు. నేను రెండు నెల్లుగా అలాగే తాగుతున్నా. వెళ్ళి కుక్కల వెనకాల నిలబడు, నేను తిరిగొచ్చి నీ వెనకాల నిలబడతా."

జంబులింగం చుట్టూ చూశాడు. పోతన్న దారికడ్డంగా నిలబడి నెమరేస్తున్నాడు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

నీతి: సాయం చిన్నదైనా పెద్దదైనా పని చేసే చేతికే అందాలి, దండ కోసం చాచిన మెడకి కాదు.